ఇరవై రెండో అంతస్తులో ఊదు పొగ

మేడ ఎక్కితే సొంత ఊరు కనిపిస్తుందని ఎవరు పుట్టించారో గాని, నా సర్వీసులో సగం ఆ మాటకు జవాబు చెప్పడంతోనే సరిపోయింది. నేను లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషిని. మా నగరపాలక భవనానికి ఇరవై రెండు అంతస్తులు. కింద ఇంటి పన్నులు, నల్లా దరఖాస్తులు, జనన మరణ పత్రాలు. అన్నిటికన్నా పైన జనం నిలబడి చుట్టూ చూడడానికి రెండు గ్యాలరీలు, ఒకటి ఉత్తరం వైపు, ఒకటి దక్షిణం వైపు. జనగామ నుంచి వచ్చినా, మహబూబాబాద్ నుంచి వచ్చినా, భూపాలపల్లి నుంచి వచ్చినా, బస్సు ఊళ్లోకి తిరగకముందే ఆ మేడ కంటపడుతుంది. కంటపడ్డాక ఎక్కకుండా పోతే మనవాళ్లకు తిన్నది అరగదు. ఆ నగరం పేరు మాత్రం రాయను. చదువుతూ పోతే ఎందుకో మీకే తెలుస్తుంది.

"సారూ, గా తెల్లగ మెరిసేది మా చెరువే గద?" అని గూడూరు నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు ఓసారి. గూడూరు అక్కడికి ఎంత దూరమో నాకు తెలుసు. ఆ మెరిసేది పక్క కాలనీలో కొత్తగా వేసిన రేకుల షెడ్డు. ఉన్నమాట చెప్పాను. ఆయన మొహం చూసిన తర్వాత ఇంకెప్పుడూ ఎవరికీ ఉన్నమాట చెప్పలేదు.

ఈ విద్యలో నాకు గురువు మా లిఫ్టు ఆపరేటరు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. వాళ్లది మహబూబాబాద్, అంటే మా నోట మానుకోట. ముస్లింల పిల్లవాడు, ఇంట్లో వాళ్ల మాట, మాతో మా మాట. కాంట్రాక్టు కింద తీసుకున్నారు. లిఫ్టు పైకి పోతుండగానే ఎక్కినవాళ్ల ఊరేదో అడిగి, గ్యాలరీలోకి దిగగానే ఏదో ఒక దిక్కుకు వేలు చూపించి "గదే మీ ఊరు" అనేవాడు. మా రేగొండను కూడా నాకు నాలుగు దిక్కులా చూపించాడు. "నాలుగు రేగొండలు ఎక్కడియిరా తమ్మీ?" అంటే, "నీకు ఏది సక్కగ కనవడ్తే గది తీస్కో అన్న" అనేవాడు.

ఇప్పుడు లిఫ్టుల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, సర్వీసులో పెద్ద బ్రేక్‌డౌన్ ఏది సారూ అని. తాడు జారిందనో, మోటారు కాలిందనో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పబోయేది దానికి తక్కువదేం కాదు. ఆ రోజు మోటారుకు ఏమీ కాలేదు.

గ్యాలరీల మీద మిషను రూము ఉంటుంది. లిఫ్టుల మోటార్లు, వాటి మెయిన్ స్విచ్‌లు అందులోనే. ఇరవై రెండో అంతస్తు వరండాలోంచి ఇనుప మెట్లెక్కి పోవాలి. ఎండాకాలం ఆ గది పొయ్యి మాదిరిగా కాగి, కంట్రోలు ప్యానెల్ మాటిమాటికీ ఆగిపోయేది. ఫ్యాను కోసం కాగితం పెడితే అది తిరిగి వచ్చేసరికి వానాకాలం వస్తుంది. అందుకని రిటైర్‌మెంటుకు రెండేళ్ల ముందు ఒక ఎండాకాలం, పాత కూలర్‌లోంచి ఫ్యాను ఒకటి ఊడదీసి, ఉత్తరం గోడకు కన్నం కొట్టి నేనే బిగించాను. ఎవరినీ అడగలేదు. ప్యానెల్ మళ్లీ ఆగలేదు. ఇంజనీరు సారు "ఏం మంత్రం వేశావయ్యా?" అంటే మీసం తిప్పుకున్నాను.

ఆ ఏడు వానలు తగ్గే వేళకు ఉత్తరం గ్యాలరీ చూరు కింద పెర తేనెటీగలు, పెద్ద జాతివి, వచ్చి తుట్టెలు పెట్టాయి. ఒక్కటి కాదు, మూడు. ఇంజనీరు సారు గూడూరు అడవి వైపు నుంచి తేనె తీసే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి కిటికీలోంచి తల పెట్టి చాలాసేపు చూశాడు.

"పగటిపూట ముట్టొద్దు సారు. దీపావళి అమాసకు వచ్చి తీస్త. అందాక మీరు వాటి జోలికి పోకుంటె అవి మీ జోలికి రావు. పొగ ఒక్కటి తగలనియ్యకుండ్రి. పొగ తగిలిందా, ఇగ మనిషి అని సూడయి."

అప్పుడు అక్కడ ఉన్నది ఇంజనీరు సారూ, నేనూ. ఆపరేటరు కింద లిఫ్టులో ఉన్నాడు. సారు నా వైపు తిరిగి "అందరికీ చెప్పు" అన్నాడు. నేను తలూపాను. బీడీ తాగే వాచ్‌మన్‌కు చెప్పాను, ఊడ్చేవాళ్లకు చెప్పాను. ఆపరేటరుకు చెప్పలేదు. అతనికి బీడీ అలవాటు లేదు, చెప్పేదేముంది అనుకున్నాను.

ఇక ఆయుధ పూజ సంగతి. ఏటా దసరా నవమి నాడు మిషను రూములో పూజ నా చేతిమీదే. మెయిన్ ఆపి, మోటార్లకు పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ మెయిన్ వేయడం. మెకానిక్ అన్నవాడు ఆ ఒక్క రోజు మిషనుకు దండం పెట్టకపోతే, అది ఏడాదంతా అతని చేత దండాలు పెట్టించుకుంటుందని మా నమ్మకం. ఆపరేటరు చేరిన ఏడు పూజకు ముందు మోటారు ఒకటి బాగా సతాయిస్తే, వాళ్లమ్మ దర్గా నుంచి ఊదు పంపింది. ఊదు వేసినాక మోటారు నోరు మూసుకుంది. అప్పటి నుంచి కుంకుమ నాది, ఊదు అతనిది. అతని ఊదు లేకపోతే పూజ అయినట్టు నాకే అనిపించేది కాదు.

ఎప్పుడూ పొద్దున్నే జనం రాకముందే కానిచ్చేవాళ్లం. ఆ ఏడు నేను సద్దుల బతుకమ్మకు రేగొండ పోయి, మర్నాడు పండుగ బస్సుల్లో చోటు దొరక్క ఆలస్యంగా వచ్చాను. నేను చేరేసరికి గేటు తెరిచారు, మొదటి లిఫ్టు పైకి పోయి వచ్చింది. మొగుళ్లపల్లి నుంచి మహిళా సంఘం వాళ్లట, పన్నెండు మంది. ఆపరేటరు నిప్పులు వేసిన ఊదు పాత్ర పట్టుకొని నా కోసం నిలబడి ఉన్నాడు.

"అన్నా, పైన ఆడోళ్లున్నరు. వాళ్లు దిగినంక చేద్దామా?"

"నవమి నాడు మిషను నడిపినంక పూజేంది? ఇప్పటికే ఒక్కసారి తిప్పినవ్. పావుగంటకు ఏం మునగదు గని, నువ్వు పోయి వాళ్లను చూస్కో" అన్నాను. ఆలస్యం నాది, విసురు అతని మీద.

ఇద్దరం లిఫ్టులోనే పైకి పోయాం. అతను ఊదు పాత్ర నా చేతికిచ్చి గ్యాలరీలోకి పోయాడు. నేను ఇనుప మెట్లెక్కి రెండు లిఫ్టుల మెయిన్లూ ఆపాను. పూలు పెట్టాను. కాయ కొట్టాను. తలుపు వేసి ఉన్న చిన్న గది, పొగ చిక్కబడింది. కళ్లు మండి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఫ్యాను స్విచ్ వేశాను.

ఈ వాక్యాన్ని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు తిప్పి రాసుకున్నాను. పొగ పోయింది, గాలి లాగింది అని ఎటు తిప్పి రాసినా చివరికి ఇదే నిలుస్తుంది. నా చేత్తో నేనే స్విచ్ వేశాను. పొగ ఎటు పోతుందో, ఆ గోడకు అవతల ఏముందో తెలిసి కూడా ఆ క్షణాన తట్టలేదు.

రేకుల మీద వాన మొదలైనట్టు ఒక చప్పుడు వినిపించింది. ఏమిటా అని ఆలోచించేలోపే ఫ్యాను సందులోంచి నాలుగు ఈగలు లోపలికి వచ్చాయి, వాటి వెనక నలభై. మెడ మీద రెండు మంటలు. చేతిలోది అక్కడ పారేసి మెట్లు దిగి వరండాలో పడ్డాను. తలుపు లాగి గడియ పెట్టాను. మెయిన్లు ఆపినవి ఆపినట్టే ఉన్నాయి.

వరండా చివరి అద్దంలోంచి ఉత్తరం గ్యాలరీ కనిపిస్తుంది. ఆపరేటరు ఆడవాళ్లను అద్దాల హాల్లోకి తోస్తున్నాడు. "లోపటికి, లోపటికి, తల మీద కొంగు కప్పుకోండ్రి!" అని అరుస్తున్నాడు. పదకొండు మంది లోపలికి వచ్చారు. పన్నెండో ఆమె దూరంగా మూల మీద ఉంది. తన ఊరు వెతుక్కుంటూ కమ్మీ పట్టుకొని ఒక్కతే నిలబడిపోయిన పెద్దమ్మ. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకొని అక్కడే కూలబడింది. ఆపరేటరు టికెట్ల బల్ల మీది గుడ్డ గుంజి, మళ్లీ బయటికి పోయాడు. ఆమెను ఆ గుడ్డలో చుట్టి, తాను అలాగే ఈగల్లోంచి మోసుకొచ్చాడు.

నా ఫోను మోగింది.

"అన్నా, లిఫ్టు ఎయ్యి. పెద్దమ్మకు నాలిక దొడ్డుగైతాంది. ఊపిరాడ్తలేదు."

"వేస్తున్న" అన్నాను. అని అక్కడే నిలబడ్డాను. ఇరవై రెండు అంతస్తుల మెట్లు ఆమె దిగలేదు, ఎవరూ మోసి అంత త్వరగా దింపలేరు. స్విచ్ పైన ఉంది. పైన ఈగలున్నాయి. ఇదంతా నాకు తెలుసు. కాలు మాత్రం కదలలేదు.

మళ్లీ ఫోను. "అన్నా, ఎయ్యవైతివి?"

"పోతున్న" అన్నాను. పోలేదు. నేను భయపడ్డాను. పేరు పెట్టి చెప్పాలంటే అంతే.

మూడోసారి ఫోను ఎత్తితే అతను మాట్లాడలేదు. ఫోను ఆమె దగ్గర పెట్టినట్టున్నాడు. ఆమె గాలి కోసం లాగుతున్న చప్పుడు వినిపించింది. పండుగకు కట్టుకున్న కొత్త కండువా మొహానికి చుట్టి గడియ తీశాను. మెట్లెక్కింది గుర్తుంది. మెయిన్ మీది బంతిపూలు చేతికి తగిలింది గుర్తుంది. లిఫ్టు కదిలిన చప్పుడు విని అక్కడే కూర్చుండిపోయాను.

దవాఖానలో డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో లేకపోయేది అన్నాడు. పెద్దమ్మ బతికింది. ఆపరేటరు మొహం ఎంత ఉబ్బిందంటే వాళ్లమ్మ రెండు మంచాలు దాటి పోయి వెతికింది. అతనికి కళ్లు తెరుచుకోకపోయినా అడిగింది ఒకటే: "పెద్దమ్మ ఎట్లున్నది?"

సాయంత్రం ఇంజనీరు సారు నన్ను పక్కకు పిలిచాడు. "ఊదు తెచ్చింది ఎవరు?"

"ఆపరేటరు సారు."

"పైన పొగ పెట్టొద్దని చెప్పాం కదా?"

"అందరికీ చెప్పిన సారు."

ఆయన కాగితం రాశాడు. కాంట్రాక్టు ఆపరేటరు తెచ్చిన ధూపం వల్ల అని. నేను కింద సంతకం పెట్టాను. చూడండి, అందులో మొదటి మాట నిజమే. ఊదు తెచ్చింది అతనే. నిజాన్నే అడ్డం పెట్టుకొని అబద్ధం ఆడడం ఇంత సులువని నాకు ఆ రోజే తెలిసింది. సంతకం పెట్టి పైకి పోయి, చీకటి పడకముందే ఫ్యాను ఊడదీసి, కన్నానికి చెక్క కొట్టాను. ఈగలు అప్పటికి తుట్టెల మీద సర్దుకున్నాయి. వాటికి నా మీద కోపం పోయింది.

నాకు రిటైర్‌మెంటుకు ఏడాదిన్నర ఉంది. విచారణ పదకొండో రోజున అన్నారు. ఆ పదకొండు రోజులూ నేను తిన్నది తిన్నట్టు లేదు. ఎవరు పైకి పోయినా చెక్క చూస్తారేమోనని వెంట పోయేవాణ్ని. చెక్క కొత్తగా కనిపిస్తోందని దానికి మసి పూశాను. పూశాక మసి కొత్తగా కనిపించింది. ఇంట్లో మా ఆవిడ "ఏంది గంత పరేషానున్నవ్, కుట్టింది మెడ మీదనా, మనసు మీదనా?" అని అడిగితే కసురుకున్నాను.

విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దని ఇంటికి పంపిన ఆపరేటరు మానుకోట నుంచి రోజూ ఫోను చేసేవాడు. మొదట పెద్దమ్మ సంగతి. తర్వాత గొంతు తగ్గించి అడిగేవాడు, "అన్నా, నా ఊదుతోనే అయిందా గిది? మిషను రూము తలుపు ఏసే ఉండె గద, పొగ బయటికెట్ల పోయింది?"

"ఏమో తమ్మీ. విచారణల తేలుతది" అనేవాణ్ని.

"పొగతోని గంత అయితదని నాకెవ్వరు చెప్పలే అన్నా."

"చూద్దాం" అనేవాణ్ని. ఫ్యాను సంగతి అతనికి తెలియదు. తేనె మనిషి మాటా తెలియదు. తెలిసిన మనిషి ఫోను ఇవతల ఉన్నాడు.

పదకొండో రోజున ముగ్గురు అధికారులు కూర్చున్నారు. మొగుళ్లపల్లి పెద్దమ్మను సాక్షిగా పిలిపించారు. ఆమె మొహం మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. వచ్చీ రాగానే గదంతా చూసి, "నన్ను ఎత్తుకొచ్చిన పిలగాడేడి?" అంది.

"పొగ పెట్టింది అతనేనమ్మా" అన్నాడు పెద్ద అధికారి.

పెద్దమ్మ నవ్వలేదు, కోపపడలేదు. "పొగ పెట్టినోడు పైన రూముల ఉండాలె. ఆయన మా ఎంటనే ఉండె గద సారూ. నాకు గా దిక్కు మా ఊరు సూపెడ్తాండె. ఒక్క మనిషి రెండు కాడ ఎట్లుంటడు?" అంది. తర్వాత, "గది సరే గని, లిఫ్టు ఎందుకు బందు వెట్టిన్రు? గది చెప్పుండ్రి. నేను గంతసేపు గాలి లేక కొట్టుకున్న. ఎవరు బందు వెట్టిన్రు?"

ఆమె చూపు ఒక్కొక్కరి మీదుగా తిరిగి నా మీదికి వచ్చింది. నా మీద ఆగలేదు, నేనెవరో ఆమెకు తెలియదు. అయినా నేను లేచి నిలబడ్డాను.

"నేనే అవ్వా" అన్నాను. పూజ, పైన జనం ఉండగా మెయిన్ ఆపడం, ఫ్యాను, తేనె మనిషి మాట, చెక్క, మసి అన్నీ చెప్పాను. ఫోన్లు రెండుసార్లు వచ్చాక కూడా నిలబడ్డ సంగతి చెప్పాను. ఇంజనీరు సారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పెద్దమ్మ చెంగు సర్దుకుని లేచి బయటికి పోయింది.

నన్ను భూపాలపల్లి వైపు ఒక పంపుహౌసుకు మార్చారు. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో నాలుగు వరుసలు రాశారు. నేను భయపడ్డదాంట్లో అది వందో వంతు లేదు. ఆ రోజు బయటికి వస్తూ, "సారు, ఇగ ఆపరేటరును డ్యూటీకి రమ్మని చెప్పనా?" అని అడిగాను.

ఇంజనీరు సారు నా మొహం చూడకుండా చెప్పాడు. "కాంట్రాక్టు ఏజెన్సీ కొత్త జాబితా మొన్ననే పంపింది. అందులో అతని పేరు లేదు. తీసేసిందీ ఎవరూ లేరు, మళ్లీ పెట్టేదీ ఎవరూ లేరు. నువ్వు ఇదే మాట మొన్నటి లోపల చెప్పి ఉంటే చూసేవాళ్లం."

మొన్న అంటే తొమ్మిదో రోజు. నా తప్పు రాయడానికి నాకొక పుస్తకం ఉంది. అతని తప్పు లేదని రాయడానికి అతనికి పుస్తకమే లేదు. ఆ సంగతి ఫోనులో చెప్పే ధైర్యం చాలక, అతని ఫోన్లు ఎత్తడం మానేశాను. కొన్నాళ్లకు అతనూ చేయడం మానేశాడు.

రిటైరయ్యాక, చుట్టాల పని మీద మానుకోట పోయి, మిర్చి కోల్డ్ స్టోరేజీ ముందు అతన్ని చూశాను. బస్తాలు పైకి చేరేసే లిఫ్టు నడుపుతున్నాడు. నన్ను చూడగానే లిఫ్టు ఆపి ఎదురొచ్చాడు.

"మంచిగున్నవా అన్నా? ఇక్కడ హాయిగున్నది. మిర్చి బస్తాలు మా ఊరేదని అడుగయి" అని నవ్వాడు. చాయ్ తెప్పించాడు.

అప్పుడు చెప్పాను. ఫ్యాను సంగతి, తేనె మనిషి సంగతి, అతనికి చెప్పాల్సింది నేను చెప్పకపోవడం, విచారణలో పదకొండో రోజున నోరు తెరవడం. పైనుంచి ఎవరో "లిఫ్టూ!" అని కేకేస్తే "ఆగు" అని చేయి చూపించాడు.

"పదకొండో దినం చెప్పినవా?" అన్నాడు.

"ఆఁ."

"గా పదో దినం నేను మొగుళ్లపల్లి పోయిన అన్నా." గ్లాసు కింద పెట్టాడు. "నా ఊదే ఆమె పానం మీదికి తెచ్చిందనుకున్న. నిద్ర పట్టకపాయె. ఇక్కడినుంచి మూడు బస్సులు మారి, ఊరంత అడుక్కుంట పోయి, ఆమె చేతులు పట్టుకొని, అవ్వా తప్పయింది, మాఫ్ చెయ్యి అని ఏడ్చిన. మొహం వాపు ఇంక తగ్గలే నాకు. ఆమె ఏడ్చింది, నేను ఏడ్చిన. అన్నం పెట్టి పంపింది."

నేను తల దించుకున్నాను. తప్పయిందిరా తమ్మీ అందామనుకున్నాను, నోరు రాలేదు. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తియ్యన్నా, ఇప్పుడన్న చెప్పినవ్" అని లిఫ్టు వైపు పోయాడు. పైన బస్తాలు ఎదురుచూస్తున్నాయి.

ఇప్పుడు నేనుండేది రేగొండలోనే. మొగుళ్లపల్లి మాకు పక్క మండలం. ఆటో ఎక్కితే ఎంతో సేపు పట్టదు. ఏ తప్పూ చేయనివాడు మూడు బస్సులు మారి పోయి ఆమె చేతులు పట్టుకొని వచ్చాడు. మానుకోట నుంచి వచ్చి రెండేళ్లయింది. నేనింకా పోలేదు.